గడప నాదే, చెప్పులూ నావే

జూన్ 4

అత్తా,

బతికున్నావో లేదో ఒక్క ముక్క రాయమని నువ్వు పంపిన కార్డు అందింది. బతికే ఉన్నాను. ఫోన్ చేస్తే నీకు వినపడదు, నీకు వినపడేలా అరిస్తే మా మేడంతా నా సంగతులు వింటుంది. అందుకని కాగితమే నయం. పైగా కాగితం మీద నువ్వు నా మాటకి అడ్డం రాలేవు.

నాన్న సొరుగులు ఇంకా ఖాళీ కాలేదు. నలభై ఏళ్ళు కుట్టుమిషన్లు బాగుచేసిన మనిషి కదా మీ అన్నయ్య, కంపెనీలే మూతపడిపోయిన మిషన్లకి కూడా షటిళ్ళూ బాబిన్ కేసులూ పళ్ళచక్రాలూ కాగితాల్లో చుట్టి దాచిపెట్టాడు. ఆయన పోయినప్పుడు అందరూ పాతసామాన్లవాణ్ణి పిలవమన్నారు. నువ్వొక్కదానివే "ఆ సొరుగులు నీకు అన్నం పెడతాయి, ఉంచుకో" అన్నావు. పెడుతున్నాయి. నా ఉద్యోగం పోయాక ఆన్‌లైన్ అమ్మకాల సైటులో తెరిచిన చిన్న కొట్టు నుంచి ఇప్పుడు నెలకి ముప్పై నలభై పార్సిళ్ళు వెళ్తున్నాయి. అదే నా జీతం. కొనేవాళ్ళలో సగంమంది మా పక్కపేట దర్జీలే. వాళ్ళ వయసూ వాళ్ళ మిషన్ల వయసూ ఒకటే.

పార్సిళ్ళు తీసుకెళ్ళడానికి కొరియర్ ఆవిడ రోజూ పదకొండింటికి వస్తుంది. మా పేటకీ పక్కపేటకీ ఆవిడే. ఒక మోకాలు నొప్పి. మేము ఉండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అందుకని మెట్ల మొదటి మలుపులో ఆగి, "ఉందా, ఊరికే ఎక్కిస్తున్నావా?" అని కేకేస్తుంది. నేను పైనుంచి తొంగిచూసి ఉందంటేనే మిగతా మెట్లు ఎక్కుతుంది.

ఇక అసలు సంగతి. కింది వాటాలో ఉండే ఏదో కంపెనీ ఏజెంటు ఒకడు గది ఖాళీ చేస్తూ రెండొందల అట్టపెట్టెలు నాకు వదిలేశాడు. కొత్తవి, మందంగా ఉన్నాయి, కొలిచి చేయించినట్టు షటిల్‌కి సరిపోతున్నాయి. చిక్కల్లా ఒకటే, పైభాగం నున్నగా మెరుస్తూ ఉంటుంది, అడ్రసు చీటీ అంటిస్తే సాయంత్రానికి ఊడొస్తోంది. ఇరవై ఎనిమిదేళ్ళు చెప్పుల కంపెనీలో ప్యాకింగ్ గదిని ఏలినదానివి, ఏదైనా ఉపాయం చెప్పు. డబ్బు పెట్టి పెట్టెలు కొనుక్కోమని మాత్రం చెప్పవని తెలుసు.

నీ బుడంకాయ


జూన్ 10

బుడంకాయ్,

రెండొందల పెట్టెలు ఊరికే వచ్చాయని చదివి నాకు కడుపు నిండింది. అట్టపెట్టె డబ్బిచ్చి కొనడమంత తెలివితక్కువ పని ఇంకొకటి లేదు. మా గదిలో ఒక్కో పెట్టె నాలుగేసి ఊళ్ళు తిరిగొచ్చి, ఐదో ఊరికి బయల్దేరేది.

జిగురు గురించి ఇంత కంగారు ఎందుకు? పెట్టె తిరగెయ్యి. ఏ పెట్టెకైనా అడుగు గరుకుగానే ఉంటుంది, ఎవరూ చూడరని కంపెనీవాళ్ళు అక్కడ మెరుగు వెయ్యరు. చీటీ అక్కడ అంటించు, పట్టిందంటే ఊడదు. ఇక లోపల కాగితం ఉండలు చుట్టి నాలుగు మూలలా కూరు. మూత వేశాక చెవి దగ్గర పెట్టుకుని ఊపు. చప్పుడు రాకూడదు. నాకు చెవులున్న రోజుల్లో చప్పుడు చేసిన పెట్టె ఒక్కటీ ఆ గది గుమ్మం దాటలేదు.

కొరియర్ ఆవిడకి మంచినీళ్ళు ఇస్తున్నావా? మోకాలు నొప్పితో అన్ని మెట్లెక్కే మనిషికి అడక్కుండా ఇవ్వాలి.

నా మిషను ఆగిపోయింది. షటిల్ మొన విరిగింది. ఇక్కడి క్లినిక్‌వాళ్ళు కిటికీ తెరలు ఇరవై రెండు కుట్టమని గుడ్డ తెచ్చి పడేశారు, నెలాఖరుకి కావాలట. మీ నాన్న సొరుగుల్లో నా మిషనుకి సరిపోయేది ఉంటే ఒకటి పంపు. లేకపోతే లేదు. మళ్ళీ అడగను. అడగడం నాకు చేతకాదని నీకు తెలుసు. ఈ ఒక్క వాక్యం రాయడానికే రెండు రోజులు పట్టింది.

అత్త


జూన్ 25

అత్తా,

నీ ఉపాయం పారింది. చీటీ అడుగున అంటిస్తున్నాను, గోరుతో గీకినా రావడం లేదు. కొరియర్ ఆవిడకి నీళ్ళు కూడా ఇస్తున్నాను. ఒక గ్లాసు తాగి, "ఇంకో గ్లాసు పొయ్యి" అని అడిగి మరీ తాగుతోంది. ఆవిడ అలా అడిగితే నాకెందుకో బాగుంటుంది.

బాగుండని సంగతి వేరే ఉంది. పక్కపేటలో స్కూలు యూనిఫారాలు కుట్టే ఒకావిడ, తనకి బాబిన్ కేసు చేరలేదని సైటులో ఫిర్యాదు పెట్టింది. చేరినట్టు కొరియర్ లెక్కలో స్పష్టంగా ఉంది. పోనీలే అని ఇంకొకటి పంపాను. పెట్టె కట్టే ఓపిక లేక దాన్ని గుడ్డ కవర్లో పడేసి పంపేశాను. అది మాత్రం చక్కగా చేరిందట. డబ్బు కట్టింది చేరదు, ఊరికే వచ్చేది చేరుతుంది, ఎంత చిత్రమో చూడు. నాలుగు రోజులు తిరక్కుండా, సంచులకి జిప్పులు వేసే అతను అదే పాట అందుకున్నాడు. అతనికి డబ్బు వాపసిచ్చేశాను. ఇద్దరూ ఒకే పేటవాళ్ళు. 'ఈ పిల్ల అడిగితే ఇచ్చేస్తోంది' అని ఒకరికొకరు చెప్పుకున్నారేమో.

వరసగా మూడు ఫిర్యాదులు నిలబడితే కొట్టు మూసేస్తామని సైటువాళ్ళ నియమం. రెండు అయిపోయాయి. కొట్టు పోతే నాకు ఇంకో దారి లేదు అత్తా. అందుకే ఫోను మోగితే చాలు, మూడో ఫిర్యాదేమోనని భయమేస్తోంది.

నీ మిషను ఎలా నడుస్తోంది? తెరలు ఎంతవరకు వచ్చాయి? ఒక్క ముక్క రాస్తావని ఎదురుచూస్తున్నాను.

నీ బుడంకాయ


జూలై 2

బుడంకాయ్,

మిషను ఎలా నడుస్తోందని అడిగావు. దానికేం, మూలన హాయిగా కూర్చుంది. నేను చేత్తో కుడుతున్నాను. ఇరవై రెండులో తొమ్మిది అయ్యాయి. గడువు పెంచమని క్లినిక్‌వాళ్ళని బతిమాలుకున్నాను. నా వేళ్ళు ఏమంటున్నాయో ఉత్తరంలో రాయడం మర్యాద కాదు. నువ్వు పనుల్లో మునిగి ఉన్నావు, నాకు తెలియదా. ఆ సంగతి ఇంతటితో వదిలెయ్యి.

చేరలేదనేవాళ్ళు మా కంపెనీకీ ఉండేవాళ్ళు. అలాంటి కాగితం వస్తే నేను ముందు పెట్టె గురించి అడిగేదాన్ని, తరవాత చీటీ గురించి, ఆఖర్నే మనిషి గురించి. కానీ నీకు తగిలినవాళ్ళు వేరే రకంలా ఉన్నారు. ఊరికే వస్తుందంటే మనుషులకి ఒళ్ళు తెలియదు. మా వీధికీ ఈ మధ్య ఆ జబ్బు పట్టింది. గుమ్మాల్లో ఏవేవో ఉచితం సరుకులు పెట్టిపోతుంటే అందరూ ఎగబడి వాడుతున్నారు. నేను ముట్టుకోను.

మూడోవాడు వస్తే వదలకు. నిలదీసి అడుగు. అడగాల్సినచోట అడక్కపోతే లోకువైపోతాం.

పైవాటా అమ్మాయి గొంతు నొప్పిగా ఉందని నాతో సైగలు చేసింది. ఈ ఇంట్లో ఇద్దరం సమానమయ్యామని నవ్వుకున్నాను.

అత్త


జూలై 8

అత్తా,

మూడోవాడు వచ్చాడు. డెబ్బై ఏళ్ళు దాటిన దర్జీ, షటిల్ కొన్నాడు. చేరలేదన్నాడు. నువ్వు చెప్పినట్టే నిలదీశాను.

కొరియర్‌వాళ్ళు ఇప్పుడు పార్సిల్ గుమ్మంలో పెట్టి ఫొటో తీస్తున్నారు. ఆ ఫొటో తెప్పించాను. ఒక గడప, గడప పక్కన జత చెప్పులు, వాటిలో ఒకదాని పట్టీ నీలం దారంతో కుట్టి ఉంది. వాటి వెనక నా అట్టపెట్టె మూల. నా పెట్టెని నేను గుర్తుపట్టలేనా? ఆ ఫొటో ఆయనకి పంపించి, "ఇది మీ ఇల్లు కాదా?" అని అడిగాను. ఏమని జవాబిచ్చాడో తెలుసా? "గడప నాదే, చెప్పులూ నావే. షటిల్ మాత్రం రాలేదమ్మా." పైగా అమ్మా అని. మనిషి ఎదురుగా నిలబడి అబద్ధమాడినా ఇంత మండేది కాదు. నోటికొచ్చిందల్లా రాసేశాను. వయసు మీద పడ్డాక ఇదేం బుద్ధి అని కూడా రాశాను.

తరవాత సైటు ఆఫీసరు ఫోన్ చేశాడు. నాకు రెండు దారులున్నాయట. మూడో ఫిర్యాదు నా మీద వేసుకుంటే కొట్టు మూత. లేదా, కొరియర్ మనిషి సరుకు అప్పగించలేదని నేను సంతకం పెడితే మూడూ ఆవిడ లెక్కలోకి పోతాయి, నా కొట్టు నిలుస్తుంది. పదహారో తారీఖులోగా తేల్చాలి. మూడు పార్సిళ్ళూ ఆవిడ చేతిమీదుగా వెళ్ళినవే. వేరే ఊళ్ళకి వెళ్ళినవి ఒక్కటీ పోలేదు. లెక్క చూస్తే ఆవిడ వైపే తేలుతోంది. మనిషిని చూస్తే నమ్మబుద్ధి కావడం లేదు. వెళ్ళి ఆ ముగ్గురినీ కనుక్కుందామంటే, కొన్నవాళ్ళని నేరుగా కలవకూడదని సైటు నియమం. సైటువాళ్ళు మళ్ళీ మళ్ళీ ఫోన్ చేస్తుంటే, తెలియని నంబర్లు ఎత్తడం మానేశాను.

ఇంకొక మాట. నీకు పంపినది సరిపోకపోతే సరిపోలేదని రాయొచ్చు కదా. దాన్ని అవతల పెట్టి చేత్తో కుట్టి నన్ను సాధించడం ఎందుకు? సొరుగులన్నీ దులిపి, నీ మిషను నంబరు చూసి, నూనె రాసి పంపాను. చేరిందని ఒక్క ముక్క రాయలేదు నువ్వు. నీకంటే కొన్నవాళ్ళు నయం. వాళ్ళు రాలేదని అబద్ధమైనా రాస్తున్నారు.

బుడంకాయ


జూలై 15

తల్లీ,

నీ ఉత్తరం పొద్దున్న వచ్చింది. 'నీకు పంపినది' అన్నచోట ఆగిపోయాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. నువ్వు నాకేం పంపావు? నాకేమీ రాలేదే.

ఇల్లంతా వెతికాను. ఇల్లంతా అంటే ఎంత, రెండు గదులు. చివరికి స్నానాల గదిలో అరమీద ఒక అట్టపెట్టె కనిపించింది. పోయిన నెల ఎవరో గుమ్మంలో పెట్టిపోయారు. పైన నీలం బుడగలు, తెల్లచొక్కా వేసుకుని పళ్ళన్నీ చూపిస్తున్న మనిషి బొమ్మ, 'సబ్బు పొడి, ఉచిత నమూనా, అమ్మకానికి కాదు' అని పెద్ద అక్షరాలు. ఊరికే వచ్చినదాన్ని వాడను, పారెయ్యడానికి చేతులు రావు. అక్కడ పెట్టి మరిచిపోయాను. మూడు వారాలుగా రోజూ దాని కిందే నిలబడి స్నానం చేస్తున్నాను.

దింపి ఊపాను. చప్పుడు రాలేదు. వచ్చినా నాకు వినపడదనుకో, కానీ చేతికి కూడా కదలిక తెలియలేదు. అంత బాగా కట్టడం నీకు నేర్పింది నేనే. తిరగేశాను. అడుగున గరుకు మీద, నా అడ్రసు, నీ చేతిరాతలో.

లోపల షటిలూ నీ చీటీ రెండూ ఉన్నాయి. 'తెరలు త్వరగా ముగించి ఇక్కడికి రా' అని రాశావు. సరిగ్గా సరిపోయింది. పదిహేను తెరలు చేత్తో అయ్యాక సరిపోయింది.

బుడంకాయ్, నీ పెట్టెల పైన ఏం అచ్చేసి ఉందో నువ్వు రాయలేదు, నేను అడగలేదు. తిరగేసి అంటించమని తెలివిగా సలహా ఇచ్చింది మాత్రం నేనే. ఆ ఏజెంటు మీ పక్కపేటలో ఇవే పెట్టెలు ఇంటింటికీ పంచి ఉంటాడు. ఆ గుమ్మాల్లోకి నీ పార్సిలు కూడా అదే మొహం వేసుకుని వెళ్ళింది. ఇంకో సబ్బు పెట్టె అనుకుని లోపల పెట్టేసుకుని ఉంటారు. గుడ్డ కవర్లో పంపినది చేరిందంటే ఎందుకు చేరిందో ఇప్పుడు అర్థమైందా? ఆ ముసలాయన గడప ఆయనదే, చెప్పులూ ఆయనవే. ఆయన ఒక్క అక్షరం అబద్ధం ఆడలేదు. ఆ మెట్లెక్కే ఆవిడా నీ దగ్గర తీసుకున్నది తీసుకున్నట్టే ఇచ్చింది.

సంతకం పెట్టకు. పైవాటా అమ్మాయి చేత మూడుసార్లు ఫోన్ చేయించాను, నువ్వు ఎత్తలేదు. 'అట్టపెట్టె పైన ఏముందో చూడు' అని మెసేజ్ పెట్టించాను. ఆ అమ్మాయి గొంతు పోయి ఉంది, నా చెవులు ఎప్పుడో పోయాయి, ఇద్దరం కలిసి నీకు కబురు చెయ్యలేక ఇంత అవస్థపడ్డాం. ఉత్తరం కూడా ఇప్పుడే పోస్టు చేయిస్తున్నాను.

ఇంకొకటి చెప్పాలి. ఈ మూడు వారాలూ నేనేమనుకున్నానో తెలుసా? అన్నయ్య పోయాక ఈ పిల్లకి నాతో పనేముంది, నోరు తెరిచి ఒక్క షటిల్ అడిగితే అదీ మరిచిపోయింది అనుకున్నాను. మిషను ఎలా నడుస్తోందని నువ్వు రాస్తే, అది ఆగిపోయిందన్న సంగతే నీకు గుర్తులేదని ఏడ్చాను. ఆ కోపమంతా తెరలమీద తీర్చుకున్నాను. కుట్టు చాలా గట్టిగా పడిందని క్లినిక్‌వాళ్ళు మెచ్చుకున్నారు కూడా.

ఆ ముగ్గురూ నాకంటే మంచివాళ్ళమ్మా. రాలేదు అని నీకు రాశారు. రాశారంటే, చెప్తే ఈ అమ్మాయి చూస్తుందని నమ్మారన్నమాట. నిన్ను ఎత్తుకుని పెంచిన మేనత్తని, నేను నమ్మలేదు. అడక్కుండా నిన్ను వదిలేసుకోబోయాను.

అత్త


జూలై 16

అత్తా,

పొద్దున్న సంతకం పెట్టేశాను. నా కొట్టు నిలిచింది. నువ్వు సంతోషిస్తావో లేదో తెలియదు, నాకు మాత్రం సంతోషంగా లేదు.

పదకొండింటికి ఆవిడ మొదటి మలుపులోంచి "ఉందా?" అని కేకేసింది. నాలుగు పార్సిళ్ళు కట్టి ఉన్నాయి. లేదని చెప్పాను. తొంగి కూడా చూడలేదు, గది లోపలినుంచే చెప్పాను. ఆవిడ మొహం చూడలేకపోయాను.

మోసగాళ్ళు రోజుకో రకం తయారవుతున్నారు. నిన్న ఎవరో 'అట్టపెట్టె పైన ఏముందో చూడు' అని మెసేజ్ పెట్టారు. నొక్కితే బ్యాంకులో ఉన్నది ఊడుస్తారేమో అని తుడిచేశాను.

నువ్వు కోపం తగ్గాకే రాయి.

బుడంకాయ


జూలై 26

అత్తా,

నీ ఉత్తరం ఇరవయ్యో తారీఖున చేరింది. చదివి తల తిప్పి చూశాను. నా మంచం పక్కనే, గోడ పొడవునా, ఆ తెల్లచొక్కా మనిషి నూటయాభై సార్లు నవ్వుతున్నాడు. నెలన్నరగా రోజూ నిద్రలేచి మొదట చూసేది ఆయన్నే. చూసి చూసి, చూడటం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు.

నియమాన్ని పక్కనపెట్టి పక్కపేటకి నడిచి వెళ్ళాను. పావుగంట కూడా పట్టలేదు. ఈ పావుగంట నడక నెల కిందటే నడిచి ఉంటే ఇదంతా ఉండేది కాదు. గడప దగ్గర నీలం దారం చెప్పులు ఉన్నాయి. ముసలాయన మిషను ముందు ఖాళీగా కూర్చుని ఉన్నాడు. నేనెవరో చెప్పాను.

"కూర్చోమ్మా. ఇంకా ఏమైనా తిట్టాల్సింది మిగిలిందా?" అన్నాడు.

"లేదండీ. మీ ఇంట్లో సబ్బు పొడి పెట్టెలున్నాయా?"

"సబ్బులు కూడా అమ్ముతావా నువ్వు?"

ఆయన భార్య లోపలినుంచి రెండు పెట్టెలు తెచ్చింది. ఒకటి విప్పి వాడేసింది. రెండోది విప్పలేదు, చుట్టాలకి ఇద్దామని దాచింది. తిరగేసి చూపించాను. ఆయన విప్పి, షటిల్‌ని వెలుగులో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తరవాత నెమ్మదిగా అన్నాడు. "నువ్వు అంత గట్టిగా రాశావు కదా, నా మీద నాకే అనుమానం వచ్చిందమ్మా. తీసుకుని ఎక్కడో పెట్టి మరిచిపోయానేమో అనుకున్నాను. వయసు అన్నావు కదా. మా ఆవిడ నన్ను డాక్టరుకి చూపిద్దామని కూడా అంది."

నాకు అక్కడే నేలలోకి కుంగిపోవాలనిపించింది. ఆయన మిషనుకి షటిల్ నేనే బిగించి, నూనె వేసి, ఒక గుడ్డముక్క మీద కుట్టి చూపించాను. మెట్లదాకా వచ్చి సాగనంపాడు.

మిగతా రెండూ దొరికాయి. యూనిఫారాల ఆవిడ పెట్టె ఇంట్లోనే ఉంది, బాబిన్ కేసు వెనక్కిచ్చేసింది. జిప్పుల అతను పెట్టెని వాళ్ళ అక్కకి ఇచ్చేశాడట. ఆవిడ విప్పి, సబ్బు కంపెనీవాళ్ళు ఇచ్చిన కానుకేదో కాబోలని అద్దం ముందు పెట్టుకుంది.

అక్కణ్ణుంచి కొరియర్ ఆఫీసుకి వెళ్ళి, తప్పు నాదేనని రాసిచ్చి నా సంతకం వెనక్కి తీసుకున్నాను. పదిహేడునుంచే ఆవిణ్ణి వీధుల్లోంచి తీసేసి గోడౌనులో బస్తాలు సర్దే పనిలో పెట్టారు. వెనకవైపు వెళ్ళి కలిశాను. తూకం బల్ల మీద కూర్చుని ఉంది. పెట్టెల సంగతంతా చెప్పాను. వింది.

"ముగ్గురి ఇళ్ళకీ వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాను, ఇచ్చాను కదా, ఒక్కసారి గుర్తుచేసుకోండి అని. సంతకం ఎవరు పెట్టారో మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. మీరేనా అండీ?" అంది.

అప్పటిదాకా నన్ను నువ్వు అన్న మనిషి. నేనేనని చెప్పి, క్షమించమన్నాను. లేచి బస్తా అందుకుంది.

సోమవారం నుంచి ఆవిణ్ణి మళ్ళీ మా పేటలోకే పంపిస్తున్నారు. సైటు ఆఫీసరు నేను నిజం చెప్పినందుకు మెచ్చుకున్నాడు, మెచ్చుకుని కొట్టు మూసేశాడు. నలభై అయిదు రోజులు. ఆ తరవాత తెరవనిస్తారట. ఈలోగా ఆవిడ మా వీధిలోంచే వెళ్తుంది, కానీ మా మెట్లెక్కే పని ఆవిడకి ఉండదు.

నీ మీద కోపంతో నేను రాసిన మాటలన్నీ వెనక్కి తీసుకోవాలని ఉంది. ఆ కాగితం చింపేసెయ్యి.

నీ బుడంకాయ


సెప్టెంబరు 22

బుడంకాయ్,

ఆగస్టులో నీ ఉత్తరాలు రెండు వచ్చాయి. ముసలాయన తన వీధిలో మిషన్లన్నీ చూడమని పిలుస్తున్నాడనీ, నాన్న చేతిపని నీకు సగం వచ్చనీ, మిగతా సగం ఆయనే నేర్పుతున్నాడనీ రాశావు. చదివి సంబరపడ్డాను. నీ పాత ఉత్తరం చింపలేదు. అది లేకపోతే నాకు షటిల్ దొరికేదే కాదు.

ఈ నెల ఉత్తరం రాలేదు.

అడుగుతున్నాను. రాలేదు.

అత్త


సెప్టెంబరు 28

అత్తా,

రాశాను. పదో తారీఖున రాసి, నా చేత్తోనే పోస్టు డబ్బాలో వేశాను. చేరలేదన్నావు కాబట్టి చేరలేదు. అందులో ఏముందో మళ్ళీ రాస్తున్నాను.

ఎనిమిదిన కొట్టు తెరిచారు. మొదట కొన్నది ఎవరనుకున్నావు, మన ముసలాయనే. కాజాలు కుట్టే పాదం కావాలన్నాడు. రోజూ ఆయన ఇంటికి వెళ్తూనే ఉన్నాను కదా, చేతికిచ్చేస్తానన్నాను. ఒప్పుకోలేదు. సైటులోనే కొన్నాడు. "చేరితే చేరిందని రాస్తాను, నీ లెక్కలో ఒక మంచి మాట ఉండాలి" అన్నాడు. ఆ పెట్టెలన్నీ పాత కాగితాలవాడికి వేసేసి, గోధుమరంగు పెట్టెలు కొన్నాను. అవును, డబ్బు పెట్టి కొన్నాను. నీ పేరూ పరువూ తీశాను. అడ్రసు పైనే అంటించాను, నడిమధ్యలో.

పదకొండు దాటింది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించి మొదటి మలుపు దగ్గర ఆగిపోయింది. కేక రాలేదు. నేను బయటికి వచ్చి పైనుంచి తొంగిచూశాను. ఆవిడ కిందనుంచి తల ఎత్తి నన్ను చూస్తూ నిలబడింది.

"ఉందా?" అంది. అంతే. వెనకటిలా మిగతా మాట అనలేదు.

ఉందన్నాను. నేనే తెచ్చిస్తానని రెండు మెట్లు దిగాను. వద్దని చెయ్యి ఊపి, తనే ఎక్కి వచ్చింది. పార్సిల్ తీసుకుని పైన అడ్రసు చదివింది. తిరగేసి అడుగు చూసింది. మళ్ళీ పైకి తిప్పి సంచిలో పెట్టుకుంది. క్షమించమని మళ్ళీ అనబోయాను. వినపడనట్టు గోడకి ఆనుకుని మోకాలు పట్టుకుంది. నీళ్ళు ఇచ్చాను. తీసుకుంది, తాగింది, గ్లాసు కింద పెట్టింది.

రెండో గ్లాసు అడగలేదు. ఈ ఇరవై రోజుల్లో ఒక్కసారీ అడగలేదు. రోజూ చెంబు నింపి దగ్గరే పెట్టుకుంటున్నాను.

ఇదీ చేరకపోతే మళ్ళీ అడుగు.

నీ బుడంకాయ